పెర్మియన్‌కు ఫ్లాట్‌బెడ్ లోడు: రానూపోనూ లెక్క వేసి కిరాయి మాట్లాడే పద్ధతి

ఫ్లాట్‌బెడ్ (గోడలు, కప్పు లేని చదును ట్రైలర్) మీద హ్యూస్టన్ పైపు యార్డు నుంచి పెర్మియన్ చమురు ప్రాంతంలోని మిడ్‌ల్యాండ్‌కు కేసింగ్ పైపు (చమురు బావిలో దించే గొట్టం) లోడు. 500 మైళ్లు, 2,000 డాలర్లు. లోడ్ బోర్డు (లోడ్లు వెతుక్కునే వెబ్‌సైట్) మీద ఇది మైలుకు 4 డాలర్లుగా కనిపిస్తుంది. కొత్తగా బండి కొన్నవాళ్లకు చెయ్యి ఆగదు, వెంటనే ఫోన్ చేసి ఖాయం చేసుకుంటారు. కానీ పైపు దించాక ఆ బండి వెనక్కి కూడా రావాలి. పశ్చిమ టెక్సాస్ నుంచి ఫ్లాట్‌బెడ్ మీద బయటికి వెళ్లే సరుకు చాలా తక్కువ. ఖాళీగా తిరిగొస్తే అదే 2,000 డాలర్లను 1,000 మైళ్లకు పంచుకోవాలి, అంటే మైలుకు 2 డాలర్లు. అమెరికాలో ట్రక్కు నడపడానికయ్యే సగటు ఖర్చు 2023లో మైలుకు 2.27 డాలర్లని అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లెక్కగట్టింది. ఆ సగటుతో చూస్తే, బోర్డు మీద అంత ఊరించిన లోడు ఇంటికి చేరేసరికి నష్టమే.

డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఒకటి రెండు బళ్లతో ట్రక్కింగ్ కంపెనీ పెట్టినవాళ్లు, వాళ్లకు హైదరాబాద్‌లో కూర్చుని రాత్రి షిఫ్టులో డిస్పాచ్ (బళ్లకు లోడ్లు వెతికి కుదిర్చే పని) చూసేవాళ్లు ఈ లెక్క వేసుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముందుగా ఒక మాట. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లు కంపెనీలో డబ్బు పెట్టడం వేరు, తామే కూర్చుని లోడ్లు బుక్ చేయడం వేరు. రెండోది అనుమతి లేని ఉద్యోగం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా దిగొద్దు.

మెట్టు 1: సరుకు ఎటు పోతుందో, ఎందుకు పోతుందో తెలుసుకోండి

పెర్మియన్ బేసిన్ అంటే పశ్చిమ టెక్సాస్, దాన్ని ఆనుకుని ఉన్న న్యూ మెక్సికో ఆగ్నేయ మూల. తూర్పు సగం మిడ్‌ల్యాండ్ బేసిన్, పడమటి సగం డెలావేర్ బేసిన్. మిడ్‌ల్యాండ్, ఒడెస్సా, పేకోస్, కార్ల్స్‌బాడ్, హాబ్స్ ఇక్కడి ముఖ్యమైన ఊళ్లు. 2024లో ఇక్కడ రోజుకు 60 లక్షల బ్యారెళ్లకు పైగా చమురు తీశారు.

ఇక్కడికి వచ్చేవి చాలావరకు లారీల మీద వస్తాయి: పైపు, స్టీలు, కంప్రెసర్లు, ట్యాంకులు, పంప్‌జాక్‌లు (బావిలోంచి చమురు తోడే యంత్రాలు), రిగ్ (బావి తవ్వే యంత్రం) కింద పరిచే మ్యాట్లు. ఇక్కడ తయారయ్యే చమురు, గ్యాసు మాత్రం చాలావరకు పైప్‌లైన్లో పోతాయి. ఫ్లాట్‌బెడ్‌కు అందులో పనేమీ లేదు. ఖాళీ ట్రిప్పులకు అసలు మూలం ఇదే. మీ డిస్పాచర్ ఎంత చురుకైనవాడైనా ఈ వాలును మార్చలేడు, దానికి తగ్గట్టు ధర కట్టడమే మన చేతిలో ఉన్నది.

ఒక్క బావికి ఎంత పైపు కావాలో చూస్తే డిమాండు ఎందుకు అలా ఎగిసిపడుతుందో అర్థమవుతుంది. నిలువుగా 10,000 అడుగులు దిగి, అక్కణ్నుంచి అడ్డంగా ఇంకో 10,000 అడుగులు, అంటే సుమారు రెండు మైళ్లు వెళ్లే బావిని తీసుకోండి. అందులో చివరిదాకా దించే అయిదున్నర అంగుళాల కేసింగ్ అడుగుకు 20 పౌండ్లు తూగితే మొత్తం 4 లక్షల పౌండ్లు. మామూలు ఫ్లాట్‌బెడ్ మీద 46,000 నుంచి 48,000 పౌండ్ల దాకా ఎక్కుతుంది. ఆ ఒక్క వరస పైపుకే తొమ్మిది బళ్లు. పైన దించే పెద్ద సైజు కేసింగ్ దీనికి అదనం. ఒకే ప్యాడ్ (బావుల కోసం చదును చేసిన స్థలం) మీద నాలుగైదు బావులు వేస్తే, ఒకే వారంలో ఎన్ని బళ్లు అవసరమవుతాయో మీరే ఊహించుకోండి. రిగ్ పైపు కోసం ఆగితే ఆ కంపెనీకి రోజుకు వేల డాలర్లు పోతాయి. అందుకే అర్జంటు పైపు లోడుకు కిరాయి మామూలు కంటే చాలా పైకి వెళ్తుంది. అలాంటి రోజు ఫోన్‌లో తొందర మీది కాదు, సరుకుకు బండి కుదిర్చే బ్రోకర్‌ది.

మెట్టు 2: మైలు ఖర్చు, రోజు ఖర్చు విడివిడిగా రాయండి

చాలామంది అన్ని ఖర్చులూ కలిపి "మాకు మైలుకు ఇంత" అని ఒక్క అంకె పట్టుకుని కూర్చుంటారు. చమురు ప్రాంతానికి ఆ అంకె పనికిరాదు. ఇక్కడ బండి కదలకుండా నిలబడే గంటలు ఎక్కువ, నిలబడ్డ బండికి మైళ్లు పడవు కానీ ఖర్చు పడుతుంది.

మైలుతో పెరిగేవి డీజిల్, డ్రైవర్ జీతం, టైర్లు, రిపేర్లు. ఉదాహరణకు డీజిల్ గ్యాలన్ 3.60 డాలర్లు, బండి గ్యాలన్‌కు ఆరున్నర మైళ్లు ఇస్తుందనుకుందాం. డీజిల్‌కు 55 సెంట్లు, డ్రైవర్‌కు 65, టైర్లు, రిపేర్లకు 25. మొత్తం మైలుకు 1.45 డాలర్లు.

బండి కదిలినా కదలకపోయినా పడేవి ట్రక్కు, ట్రైలర్ వాయిదాలు, ఇన్సూరెన్స్, పార్కింగ్, పర్మిట్లు, లోడ్ బోర్డు చందా. ఇవన్నీ నెలకు 6,160 డాలర్లు అనుకుంటే, దాన్ని 30తో కాకుండా బండి నిజంగా పనిచేసే రోజులతో భాగించాలి. 22 రోజులైతే రోజుకు 280. ఈ అంకెలు లెక్క చూపించడానికి నేను పెట్టినవి. మీ పుస్తకంలోంచి మీవి తీసి పెట్టుకోండి. కొత్త కంపెనీలకు ఇన్సూరెన్స్ బాగా ఎక్కువ ఉంటుంది కాబట్టి మొదటి ఏడాది రోజు ఖర్చు ఇంతకంటే పైనే ఉండొచ్చు.

న్యూ మెక్సికోలోకి వెళ్లే లోడైతే ఇంకో ఖర్చు ఉంది. 26,000 పౌండ్లు దాటిన బళ్లకు ఆ రాష్ట్రం బరువు, దూరం కలిపి పన్ను వేస్తుంది. ముందే ఖాతా తీసుకోవాలి. కార్ల్స్‌బాడ్, హాబ్స్ లోడు టెక్సాస్ లోడుతో సమానమైన రేటుకు ఒప్పుకుంటే ఈ పన్ను మీ జేబులోంచే పోతుంది.

మెట్టు 3: కిరాయిని రానూపోనూ కట్టండి

మన దగ్గర లారీ, వ్యాను మాట్లాడుకునేటప్పుడు "అప్ అండ్ డౌన్ ఎంత?" అని అడిగినట్టే ఇక్కడా ఆలోచించాలి. బ్రోకర్ ఒక వైపు మైళ్లే చెప్తాడు. మీ కాగితం మీద మాత్రం రెండు వైపులా ఉండాలి.

హ్యూస్టన్–మిడ్‌ల్యాండ్ రానూపోనూ 1,000 మైళ్లు. మైలుకు 1.45 చొప్పున 1,450 డాలర్లు. ఇక రోజులు. పొద్దున లోడ్ చేసుకుని బయల్దేరితే రాత్రికి మిడ్‌ల్యాండ్. రెండో రోజు బావి దగ్గర దించడం, అక్కణ్నుంచి తిరుగు ప్రయాణం. మూడో రోజు మధ్యాహ్నానికి హ్యూస్టన్. రెండున్నర రోజులు, రోజుకు 280 చొప్పున 700. రెండూ కలిపితే 2,150. ఇది అసలు ధర. దీనికి ఒక్క డాలరు తగ్గినా మీరు జేబులోంచి పెట్టి పైపు మోస్తున్నట్టే.

2,600కు మాట్లాడుకున్నారనుకోండి. మైలు ఖర్చు 1,450 పోగా 1,150 మిగులుతుంది. దాన్ని రెండున్నర రోజులతో భాగిస్తే రోజుకు 460. ఈ 460 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. మీ బండి ఒక రోజు విలువ అది. అందులోంచి రోజు ఖర్చు 280 తీసేస్తే 180 మీది. ఫ్యాక్టరింగ్ కంపెనీకి (బిల్లు కొని ముందే డబ్బిచ్చే సంస్థ) బిల్లు అమ్ముకునేవాళ్లయితే వాళ్ల శాతమూ ఈ 180లోంచే.

లోడ్ బోర్డు మీద "మిడ్‌ల్యాండ్" అని ఉన్నంత మాత్రాన సరుకు మిడ్‌ల్యాండ్‌లో దిగుతుందని నమ్మొద్దు. అది ఆఫీసు ఉన్న ఊరు కావచ్చు, బావి మాత్రం ఓర్లా దగ్గర ఉండొచ్చు. మిడ్‌ల్యాండ్ నుంచి ఓర్లాకు ఇంకో 130 మైళ్లు. రానూపోనూ 260 మైళ్లు, అంటే ఖర్చు 377 డాలర్లు పెరిగింది, అర రోజు కూడా పోయింది. ధర మాట్లాడే ముందే అక్షాంశ రేఖాంశాలు లేదా మ్యాప్ పిన్ అడగండి. "అడ్రస్ తర్వాత పంపిస్తాం" అంటే ధర కూడా అడ్రస్ వచ్చాకే చెప్తామనండి.

మెట్టు 4: బావి దగ్గర పోయే గంటలకు ముందే ధర కట్టండి

బావి దగ్గరికి వెళ్లే దారి తారు రోడ్డు కాదు. హైవే దిగి, క్యాటిల్ గార్డ్ (పశువులు దాటకుండా దారికి అడ్డంగా పరిచిన ఇనుప కమ్మీలు) దాటి, కలీచే అనే తెల్లటి సున్నపు మట్టి పరిచిన లీజు రోడ్డు మీద కొన్ని మైళ్లు వెళ్లాలి. ఎండలో దుమ్ము, వానలో జారుడు. వాన పడ్డ రోజు లోపలికి వెళ్లిన బండిని ట్రాక్టర్ పెట్టి లాగాల్సి రావడం అక్కడ మామూలే. పేకోస్ నుంచి కార్ల్స్‌బాడ్ వెళ్లే యూఎస్-285 రోడ్డుకు ప్రమాదాల వల్ల "డెత్ హైవే" అనే పేరు పడింది. ఆ రోడ్డు మీద హడావుడిగా వెళ్లమని డ్రైవర్‌కు చెప్పే డిస్పాచర్ ఆ పని మానుకోవడం మంచిది.

గేటు దగ్గర ఇంకో రకం ఆలస్యం ఉంటుంది. చాలా కంపెనీల సైట్లలోకి వెళ్లాలంటే హెల్మెట్, స్టీల్ టో బూట్లు, మంటలంటుకోని బట్టలు ఉండాలి. విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నచోట దాన్ని పసిగట్టే మానిటర్ కూడా అడుగుతారు. సేఫ్‌ల్యాండ్ భద్రతా శిక్షణ కార్డు లేకపోతే కొన్నిచోట్ల వెనక్కి పంపేస్తారు. ఇవేవీ లేకుండా 500 మైళ్లు పోయిన డ్రైవర్ గేటు దగ్గర నిలబడిపోతే ఆ రోజు కిరాయి గోవిందా. లోడు ఒప్పుకునే ముందే ఏమేం కావాలో అడిగి, జవాబును రేట్ కన్ఫర్మేషన్‌లో (బ్రోకర్‌తో కుదిరిన ధర, షరతులు రాసిన కాగితం) రాయించుకోండి.

ఫెడరల్ నియమాల ప్రకారం డ్రైవర్ 10 గంటల విశ్రాంతి తర్వాత 14 గంటల్లోపు గరిష్ఠంగా 11 గంటలు నడపొచ్చు. బావి దగ్గర ఆరు గంటలు ఆగితే ఆ ఆరూ 14లోంచే పోతాయి. "ఆయిల్‌ఫీల్డ్ మినహాయింపు ఉంది కదా" అని చాలామంది అంటారు. ఆగిన సమయాన్ని డ్యూటీలో లెక్కించకుండా వదిలేసే మినహాయింపు బావి పనికోసం ప్రత్యేకంగా తయారైన బళ్లకు, దానికి ప్రత్యేక శిక్షణ ఉన్న డ్రైవర్లకు మాత్రమే. పైపు మోసే మామూలు ఫ్లాట్‌బెడ్‌కు అది వర్తించదు.

కట్టు కట్టడానికీ టైమ్ పడుతుంది. 40 అడుగుల పైపు, 47,000 పౌండ్లు అనుకోండి. పొడవు లెక్కన మొదటి 10 అడుగులకు రెండు, తర్వాతి ప్రతి 10 అడుగులకు ఒకటి చొప్పున అయిదు కట్లు. బలం లెక్కన సరుకు బరువులో కనీసం సగం, అంటే 23,500 పౌండ్ల సామర్థ్యం. నాలుగంగుళాల స్ట్రాప్ ఒక్కోటి 5,400 పౌండ్లు పట్టుకుంటుంది కాబట్టి అలా చూసినా అయిదే. ఇది చట్టం అడిగే కనీసం. నున్నటి పైపుకు అనుభవం ఉన్న డ్రైవర్లు ఇంకో రెండు మూడు వేసుకుంటారు, పైపుల వరసల మధ్యలో బెల్లీ స్ట్రాప్ కూడా. వద్దనకండి.

రేట్ కన్ఫర్మేషన్‌లో ఈ అయిదూ కనిపించకపోతే సంతకం పెట్టొద్దు: ఎన్ని గంటల తర్వాత డిటెన్షన్ (బండిని ఆపినందుకు ఇచ్చే డబ్బు) మొదలవుతుంది, గంటకు ఎంత, రాత్రి ఆగాల్సి వస్తే లేఓవర్ ఎంత, బండి వచ్చాక లోడు రద్దయితే ఎంత, దించడానికి క్రేన్ లేదా ఫోర్క్‌లిఫ్ట్ ఎవరిది. రెండు గంటలు ఉచితం అనేది సాధారణంగా నడిచే పద్ధతి. డిటెన్షన్ రావాలంటే డ్రైవర్ చేరిన టైమ్, వదిలిన టైమ్ డెలివరీ టికెట్ మీద రాయించి, అక్కడి కంపెనీ మ్యాన్‌తో (బావి దగ్గర చమురు కంపెనీ తరఫున ఉండే మనిషి) సంతకం పెట్టించాలి. టైమ్ రాయని టికెట్‌తో డిటెన్షన్ అడిగితే ఎవరూ ఇవ్వరు. అన్నట్టు, న్యూ మెక్సికో, ఎల్ పాసో గడియారం మిగతా టెక్సాస్ కంటే గంట వెనక ఉంటుంది. కార్ల్స్‌బాడ్‌లో ఎనిమిదింటి అపాయింట్‌మెంట్ అంటే ఎవరి ఎనిమిదో అడగండి.

మెట్టు 5: రిటర్న్ లోడు పట్టాలా, ఖాళీగా రావాలా?

అందరూ తడబడేది ఇక్కడే. ఖాళీగా వస్తున్న బండిని చూస్తే ఓనర్ ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఏదో ఒకటి ఎక్కించుకుని రమ్మంటాడు. అక్కడ రాత్రి రెండింటికి హైదరాబాద్ డిస్పాచర్ నుంచి ఓనర్‌కు ఫోన్ వస్తుంది.

"అన్నా, ఒడెస్సా నుంచి హ్యూస్టన్‌కు ఒకటి ఉంది. పాత ట్యూబింగ్. 700 ఇస్తానంటున్నాడు. వేసెయ్యమంటావా?"

"ఎప్పుడు లోడింగ్?"

"రేపు పొద్దునంట. దించేది ఎల్లుండి."

ఇందులో రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. 700 డాలర్లు ఎక్కువా తక్కువా అన్నది ఆ లోడు మీ బండిని ఎంతసేపు ఆపుతుందన్న దాని మీద ఉంటుంది. లెక్క ఇలా వెయ్యండి. రిటర్న్ కిరాయిలోంచి లోడు వల్ల అదనంగా అయ్యే ఖర్చు తీసేయండి. ఎలాగూ రావాల్సిన మైళ్లే కాబట్టి బరువు వల్ల ఎక్కువ తాగే డీజిల్, దారి మళ్లితే ఆ మైళ్లు మాత్రమే ఇందులోకి వస్తాయి. మన ఉదాహరణలో మైలుకు 15 సెంట్ల చొప్పున 500 మైళ్లకు 75 డాలర్లు. మిగిలిన 625ను, ఖాళీగా వస్తే పట్టేదానికంటే ఎన్ని రోజులు ఎక్కువ పడుతుందో దాంతో భాగించండి. వచ్చిన అంకెను 460తో పోల్చండి.

ఆలస్యం ఒక రోజైతే రోజుకు 625. తీసుకోవచ్చు. అదే లోడు రెండు రోజులు ఆపితే రోజుకు 312. అప్పుడు ఖాళీగా వచ్చేసి హ్యూస్టన్‌లో ఇంకో పైపు లోడు ఎక్కించుకోవడమే లాభం. ఇప్పుడు ఇంకో లోడు చూడండి. 350 డాలర్లే, కానీ మీరు పైపు దించిన పక్క యార్డులోనే సరుకు సిద్ధంగా ఉంది, అటు కూడా దారిలోనే దిగుతుంది, ఆలస్యం అర రోజు. 350లో 75 పోతే 275, అర రోజుతో భాగిస్తే రోజుకు 550. బోర్డు మీద సగం రేటుకు కనిపించిన లోడు, రెండు రోజులు తినే 700 లోడు కంటే మేలైంది. మైలుకు 70 సెంట్లు అని చూస్తే ఎవరైనా దాన్ని నవ్వి వదిలేస్తారు.

ఈ 460 ఎప్పటికీ ఒకేలా ఉండదు. హ్యూస్టన్‌లో పైపు లోడ్లు కుప్పలుగా ఉంటే మీ రోజు విలువ పెరుగుతుంది, బండి వీలైనంత తొందరగా వెనక్కి రావాలి. మార్కెట్ చచ్చి, ఇంటికొచ్చినా మూడు రోజులు ఖాళీగా నిలబడే పరిస్థితి ఉంటే ఆ రోజుల విలువ దాదాపు సున్నా. అప్పుడు అదనపు డీజిల్‌కు పైన ఎంత వచ్చినా వచ్చినట్టే. కానీ ఆ చౌక రేటుకే అలవాటు పడితే బ్రోకర్ మిమ్మల్ని ఆ రేటుకే గుర్తుపెట్టుకుంటాడు.

శుక్రవారాల్లో ఒక వెసులుబాటు ఉంది. శుక్రవారం లోడ్ చేసుకుని శనివారం ఇంటికొచ్చి, సోమవారం పొద్దున మీ ఊళ్లోనే దించే రిటర్న్ లోడుకు దాదాపు అదనపు సమయం పట్టదు. ఎలాగూ వారాంతంలో బండి నిలబడి ఉండేదే. అలాంటి లోడు కోసం గురువారం పొద్దున్నుంచే వెతకాలి. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి వెతికితే యార్డులు మూసుకుని వెళ్లిపోయుంటారు.

మెట్టు 6: తిరుగు సరుకు ఎక్కడ వెతకాలి

మొదట చమురు పనిలోనే వెతకండి. బావిలో వాడగా మిగిలిన పైపు యార్డుకు తిరిగి వెళ్లాలి. పాత ట్యూబింగ్, డ్రిల్ పైపు ఇన్‌స్పెక్షన్‌కు, మరలు మళ్లీ కోయించడానికి వెళ్తాయి. అద్దెకు తెచ్చిన సామాన్లు, మ్యాట్లు వెనక్కి వెళ్తాయి. వీటిలో చాలావరకు లోడ్ బోర్డుకు ఎక్కనే ఎక్కవు. పైపు దించుకున్న యార్డు మనిషి ఫోన్ నంబరు డ్రైవర్ దగ్గర ఉండటం బోర్డు చందా కంటే విలువైన సంగతి. అద్దె సామాన్ల కంపెనీలతో నేరుగా మాట్లాడుకుంటే తీసుకెళ్లడం, తెచ్చివ్వడం కలిపి ఒకే ధర కట్టొచ్చు. చిన్న ఓనర్లు అందరికంటే ముందు తట్టాల్సిన తలుపు ఇదేనని నా అభిప్రాయం.

ఒడెస్సాలో పాత ఇనుము కూడా ఉంటుంది. అయితే ముక్కలు జారిపడకుండా పక్క గోడలు కావాలి, టైర్లకు పంక్చర్లు తప్పవు. నాకైతే దాని మీద పెద్ద ఆశ లేదు.

తూర్పున ఐ-20 మీద 110 మైళ్లు వస్తే స్వీట్‌వాటర్, దానికి కాస్త ఉత్తరంగా రోటన్. ఈ ప్రాంతంలో జిప్సం బోర్డు తయారవుతుంది. అది ఫ్లాట్‌బెడ్ మీద, టార్పాలిన్ కప్పుకుని వెళ్లే సరుకు. తడిస్తే మొత్తం మీ నెత్తి మీద పడుతుంది కాబట్టి చిరిగిన టార్ప్‌తో వెళ్లొద్దు. స్ట్రాప్ కింద అంచులు నలగకుండా పట్టీలు పెట్టాలి.

దీంతో ఒక త్రికోణం కుదురుతుంది. మిడ్‌ల్యాండ్ నుంచి స్వీట్‌వాటర్‌కు 110 మైళ్లు ఖాళీగా, అక్కణ్నుంచి డల్లాస్‌కు 220 మైళ్లు జిప్సం బోర్డు, తర్వాత మిడ్‌లోథియన్ స్టీల్ మిల్లుకు 30 మైళ్లు ఖాళీగా, అక్కణ్నుంచి హ్యూస్టన్‌కు 220 మైళ్లు స్టీల్ బీములు. తిరుగు దారి 500 బదులు 580 మైళ్లు, అందులో ఖాళీ 140. రెండు లోడ్లకూ చెరి 750 వచ్చాయనుకుందాం. ఎక్కువ మైళ్లకు 116, అదనపు డీజిల్‌కు 66 తీసేస్తే 1,318. రెండు రోజులు ఎక్కువ పట్టినా రోజుకు 659. ఇది 460 కంటే బాగా పైన ఉంది. అయితే డల్లాస్‌లో దించడం ఒక పూట ఆలస్యమైతే మిల్లులో అపాయింట్‌మెంట్ పోతుంది, రెండు రోజులు మూడవుతాయి, రోజుకు 439కి పడిపోతుంది. రెండు లోడ్ల మధ్య ఒక పూట ఖాళీ ఉంచుకోకుండా ఈ త్రికోణం జోలికి వెళ్లొద్దు.

ఎల్ పాసో ఒడెస్సాకు పడమటగా 285 మైళ్లు. హువారెస్ ఫ్యాక్టరీల సరుకు అక్కడ సరిహద్దు దాటి వస్తుంది, పక్కనే వింటన్‌లో స్టీలు ఉంది. కానీ హ్యూస్టన్ ఇంటిగా ఉన్న బండికి అది పూర్తిగా వెనక దిక్కు. పేకోస్ వైపు దించి, డల్లాస్ చేరాల్సినవాళ్లు మాత్రం చూడొచ్చు. ఇక లబ్బాక్ పేరు వినగానే మనవాళ్లకు పత్తి గుర్తొస్తుంది. నిజమే, చుట్టూ పత్తి చేలే. కానీ ఆ బేళ్లు ఎక్కువగా మూసిన వ్యాన్ ట్రైలర్లలో వెళ్తాయి, ఫ్లాట్‌బెడ్‌కు ఆశ పెట్టుకోవద్దు.

మెట్టు 7: ఎప్పుడు గట్టిగా నిలబడాలో మార్కెట్ చెప్తుంది

బేకర్ హ్యూస్ ప్రతి శుక్రవారం రిగ్గుల లెక్క విడుదల చేస్తుంది. ఫ్లాట్‌బెడ్‌వాళ్లు చూడాల్సింది ఇదే. ఉత్పత్తి రికార్డు సృష్టించిందన్న వార్త చూసి మురిసిపోవద్దు. 2023 మొదట్లో పెర్మియన్‌లో 350 దగ్గర ఉన్న రిగ్గులు 2024 చివరికి 300 చేరువకు తగ్గాయి, అదే కాలంలో ఉత్పత్తి పెరిగింది. పైపు కావాల్సింది తవ్వే రిగ్గుకు. ఇప్పటికే తవ్విన బావి ఎంత చమురు పోసినా మీకు కొత్త లోడు పుట్టదు.

చమురు ధర పడితే దాని దెబ్బ మామూలుగా కొన్ని నెలలకు రిగ్గుల మీద కనిపిస్తుంది. 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్లు దాటి ఉన్న అమెరికా చమురు 2016 మొదట్లో 30 కంటే కిందికి పడింది. ఆ మధ్యకాలం అంతా బళ్లు మెల్లమెల్లగా ఖాళీ అయ్యాయి. 2020లో మాత్రం వ్యవధి ఇవ్వలేదు. ఏప్రిల్ 20న ధర సున్నా కిందికి, మైనస్ 37.63 డాలర్లకు పడిపోయింది, రిగ్గులు వారాల్లో ఆగిపోయాయి. పైపు లోడ్లు మాత్రమే నమ్ముకుని బళ్ల మీద పెద్ద వాయిదాలు పెట్టుకోవద్దనడానికి ఇది చాలు.

రోజువారీగా డాట్ (DAT), ట్రక్‌స్టాప్ అనే లోడ్ బోర్డుల్లో రెండు చూడండి: హ్యూస్టన్ నుంచి బయటికి ఒక్కో బండికి ఎన్ని లోడ్లున్నాయి, మిడ్‌ల్యాండ్ నుంచి బయటికి ఎన్ని. మొదటిది ఎక్కువగా, రెండోది తక్కువగా ఉన్న రోజు బ్రోకర్‌కు రానూపోనూ ధరే చెప్పి మౌనంగా ఉండండి. "తిరిగి వచ్చేటప్పుడు లోడు ఇప్పిస్తా, ఇప్పుడు తగ్గించు" అంటే ఆ తిరుగు లోడు రేట్ కన్ఫర్మేషన్ కూడా ఇప్పుడే పంపమనండి. నోటిమాట మీద 400 తగ్గించేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ తిరుగు లోడు మాత్రం రాదు.

నేరుగా కంపెనీతో ఒప్పందం చేసుకుంటే డీజిల్ సర్‌చార్జీ విడిగా రాయించండి. ప్రభుత్వ ఇంధన సమాచార సంస్థ ఈఐఏ వారంవారం గల్ఫ్ కోస్ట్ డీజిల్ ధర ఇస్తుంది. అందులోంచి ఒప్పుకున్న మూల ధర తీసేసి, బండి ఇచ్చే మైలేజీతో భాగిస్తే మైలుకు సర్‌చార్జీ వస్తుంది. అది లోడు మైళ్లకేనా, రానూపోనూనా అన్నది కూడా కాగితం మీదే ఉండాలి.

మెట్టు 8: డబ్బు చేతికి వచ్చేదాకా

చమురు ప్రాంతంలో బిల్లులు ఆలస్యంగా వస్తాయి. 30 రోజులన్నది 60 కావడం కొత్తేమీ కాదు. లోడు తీసుకునే ముందు బ్రోకర్ లైసెన్సు, బాండు (చెల్లింపుకు హామీ) ఎఫ్ఎమ్‌సీఎస్ఏ (ట్రక్కింగ్‌ను చూసే ఫెడరల్ సంస్థ) వెబ్‌సైట్‌లో చూడండి. బ్రోకర్‌కు 75,000 డాలర్ల బాండు తప్పనిసరి. కానీ వాడు చేతులెత్తేస్తే ఆ 75,000నే వాడి నుంచి డబ్బు రావాల్సినవాళ్లందరూ పంచుకోవాలి. అందుకే బాండు ఉంది కదా అని ఒకే కొత్త బ్రోకర్ దగ్గర పది లోడ్ల బాకీ పేరుకోనివ్వద్దు. మీరు ఫ్యాక్టరింగ్ వాడుతుంటే ఆ కంపెనీ సదరు బ్రోకర్ బిల్లు కొనడానికి ఒప్పుకుంటుందా అని ముందే అడగండి. వాళ్లు వద్దంటే మీరూ వద్దనండి. పైపు యార్డులో లోడింగ్ కాగితాల మీద వేరే ట్రక్కింగ్ కంపెనీ పేరు కనిపిస్తే అక్కడే ఆగి యార్డువాళ్లనే అడగండి. ఒకరు తీసుకున్న లోడును ఇంకొకరికి దొంగచాటుగా అమ్మే కేసు అయ్యుండొచ్చు.

పైపు దించిన వెంటనే డ్రైవర్ మూడు ఫోటోలు పంపాలి: సంతకం, టైమ్‌తో ఉన్న డెలివరీ టికెట్, పైపుల లెక్క రాసిన ట్యాలీ షీటు, దించాక ఖాళీ ట్రైలర్. ఒక పైపు తక్కువైందని నెల తర్వాత ఎవరైనా అన్నా జవాబు చెప్పడానికి ఇవి ఉంటాయి. అదే సాయంత్రం బిల్లు పంపేయండి. పక్కనే ఒక షీట్‌లో ఈ ట్రిప్పుకు రానూపోనూ మైళ్లు, ఖాళీ మైళ్లు, మొత్తం రోజులు, బావి దగ్గర ఆగిన గంటలు, చివరికి రోజుకు మిగిలింది రాసుకోండి. వచ్చేసారి అదే బ్రోకర్ అదే సైట్‌కు ఫోన్ చేసినప్పుడు ధర చెప్పడానికి ముందు ఆ వరస తెరిచి చూడండి.